వేలికి తగ్గ పలక

ముప్పై ఏళ్లకు పైగా జీడిమెట్ల పారిశ్రామికవాడలో లేత్ మిషన్ ముందు నిలబడ్డ మనిషి మా నాన్న. ఆయనకో ట్యాబ్ కొనాలని నిరుడు దసరాకి ఇంట్లో తీర్మానమైంది. డాలస్ నుంచి మా చెల్లె వీడియో కాల్ చేసినప్పుడల్లా ఆయన ఫోన్లో మనవరాలి మొహం చింతగింజంత కనిపిస్తోంది. అద్దాలు నుదుటి మీదికి ఎత్తి, ఫోన్‌ను దూరం జరిపి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని, చివరికి "గొంతు ఇనొస్తుంది, చాలు తియ్" అనేవాడు. వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్ వస్తే చాలు. పదిహేను వేలు దాటొద్దు. ఎంచే పని నాకు అప్పజెప్పారు.

నేను చేసిన మొదటి తప్పు అంకెలు ముందేసుకుని కూర్చోవడం. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ట్యాబ్ పెట్టె మీద "4+4" అని వేసుకుంటారు. ఆ రెండో నాలుగు నిజం ర్యామ్ కాదు, స్టోరేజ్‌లోంచి తెచ్చిన అరువు. ఇదే నాన్నకు చెబితే, "పక్కింటోళ్ల బియ్యం గూడ మన గోలెంల ఉన్నట్టే లెక్కేసుకుంటరన్నట్టు" అన్నాడు. నా వారం రోజుల చదువును ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. పొద్దున్నే గ్రూపుల్లో కురిసే శుభోదయం పూల బొమ్మలకు 32 జీబీ ఏ మూలకూ సరిపోదు కాబట్టి 64 ఉండాలనుకున్నాం. అంతటితో అంకెల గొడవ వదిలేశాం.

అసలు చిక్కుముడి నంబరు దగ్గర పడింది. వాట్సాప్ మనిషిని కాదు, ఫోన్ నంబరును గుర్తుపడుతుంది. సిమ్ పట్టే ట్యాబ్ కావాలంటే రెండు మూడు వేలు ఎక్కువ పెట్టాలి. సిమ్ ఉన్నవాటిలోనూ కొన్నింటికి నెట్ తప్ప మామూలు కాల్ రాదు. షాపులో ఈ సంగతి మనం అడిగితే తప్ప చెప్పరు. ఒకే నంబరు వాట్సాప్‌ను ఇంకో ఫోన్లోనూ వాడుకునే వీలు 2023 ఏప్రిల్‌లో వచ్చింది. ట్యాబ్‌ను కూడా అలాగే, ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి జత చేయొచ్చు. ఫోన్ కాక నాలుగింటి దాకా కలుపుకోవచ్చు. కాకపోతే పద్నాలుగు రోజులకు ఒక్కసారైనా ఆ ఫోన్లో వాట్సాప్ తెరవాలి. లేదంటే ట్యాబ్‌లోది ఊడిపోతుంది. ఇంట్లో వైఫై ఎలాగూ ఉంది. నాన్న ట్యాబ్‌ను బజారుకు మోసుకెళ్లడు. సిమ్ లేనిదే తీసుకుందాం అన్నాను. బ్యాంకు ఓటీపీలు ఫోన్లోనే ఉంటాయి, కబుర్లు ట్యాబ్‌లోకి వస్తాయి. డబ్బుల సంచీ, కూరగాయల సంచీ వేర్వేరుగా ఉండటం నాకైతే మంచిదే అనిపించింది.

అమ్మది వేరే బాధ. "ఎంత బరువుంటది?" అనడిగింది. శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ9 తెర 8.7 అంగుళాలు, బరువు 332 గ్రాములు. దాని పెద్దన్న ఏ9 ప్లస్‌కు తెర 11 అంగుళాలు, బరువు 480 గ్రాములు. అరకిలో టమాటాల సంచీని మంచం మీద పడుకుని మొహానికి ఎదురుగా పావుగంట పట్టుకుని చూడండి, తెలుస్తుంది. నాన్న పడుకునే చూస్తాడు. చేతిలో ఉండగానే నిద్రపోతాడు. ఆయన ముక్కు క్షేమం కోరి చిన్న సైజుకే మొగ్గాం.

చింతల్ నుంచి ఇద్దరం బండి మీద సుచిత్ర సర్కిల్‌కు పోయాం. నాన్న ధర అడగలేదు, కంపెనీ పేరు అడగలేదు. మిషన్ మీద జాబ్ బిగించే ముందు తిప్పి చూసినట్టు ట్యాబ్‌ను నాలుగు వైపులా తిప్పి, అంచు వెంట బొటనవేలు నడిపించి, తెర మీద చూపుడువేలు పెట్టాడు. ఏమీ కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కాడు. ఊహూఁ. షాపు కుర్రాడు వేలు ఆనించీ ఆనించక ముందే పేజీ పరుగెత్తింది. ఇంకో రెండు ట్యాబ్‌లు తీసి పెట్టారు. వాటి మీదా అంతే. "ఇగ నా ఏలు సచ్చిపోయినట్టే" అని నవ్వాడు గానీ, చెయ్యి వెనక్కి లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

వేలికి ఏమీ కాలేదు. ఇప్పటి తెరలు కెపాసిటివ్ రకం, తెర మీది విద్యుత్ క్షేత్రంలో వేలు తెచ్చే మార్పును పసిగడతాయి; చర్మంలో తడి ఉంటేనే అది వాటికి బాగా తెలుస్తుంది. ఇనుప రజను, కూలెంట్ నూనె మధ్య కాయలు కాచి, ఎండి, మొద్దుబారిన వేలు వాటికి కర్రముక్కతో సమానం. పైన టెంపర్డ్ గ్లాస్ అతికిస్తే ఇంకా దూరం.

అప్పుడు నాకు ఆకాశ్ గుర్తొచ్చింది. ప్రపంచంలోకెల్లా చవకైన ట్యాబ్ అని పేరుమోసి, 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ చేతుల మీదుగా విద్యార్థుల కోసం విడుదలైంది. డేటావిండ్ కంపెనీ సరుకు, బిగించింది మాత్రం మన హైదరాబాద్‌లోనే. ఏడంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. బజారు రకం యూబీస్లేట్ ధర 2,999 రూపాయలు. దాని తెర రెసిస్టివ్ రకం. లోపలి రెండు పొరలు ఒకదానికొకటి తగిలేదాకా వేలితో అదమాలి. ఎంత నొక్కినా పలకదని అందరూ తిట్టిపోశారు. మరుసటి ఏడాది ఆకాశ్-2లో కెపాసిటివ్ తెర పెట్టి ఆ మాట పోగొట్టుకున్నారు. జనం తిట్టిన ఆ పాత తెరకు చర్మంతో పనిలేదు, బలం ఉంటే చాలు. మా నాన్న వేలికి అదే సరిపోయేది. సుచిత్ర సర్కిల్‌లో నిలబడి, ఎప్పుడో పోయిన ఒక నాసిరకం వస్తువు మీద బెంగపెట్టుకున్నాను.

కొనకుండానే లేవబోతుంటే నాన్నే ఆగమన్నాడు. జేబులోంచి చెయ్యి తీసి ఒక్కో వేలూ వరుసగా తెర మీద పెట్టి చూడసాగాడు. మైక్రోమీటర్ పట్టినంత ఓపికగా. చూపుడువేలు లేదు. మధ్యవేలు లేదు. ఉంగరం వేలు ఒకసారి పలికి ఒకసారి పలకలేదు. చిటికెన వేలు పెట్టగానే తెర కదిలింది. పనిముట్ల బరువు ఎన్నడూ పడని వేలు అది.

"గిది ఇయ్యి. గ్లాసు అతికియ్యకు" అన్నాడు కుర్రాడితో.

ఆ రాత్రి కాల్ వస్తే ఎత్తింది కూడా ఆ వేలితోనే. తాత మొహం కంటే ముందు గాల్లో లేచిన చిటికెన వేలు కనబడిందట మనవరాలికి. "తాతా, చాయ్ తాగుతున్నవా?" అనడిగింది.