బల్ల మీద ప్లాట్ నది

అమెరికా జియలాజికల్ సర్వే తన పాత పటాలను స్కాన్ చేసి ఉచితంగా అందుబాటులో పెట్టినప్పటి నుంచి నా ఆదివారాలు చాలావరకు నెబ్రాస్కాలోనే గడుస్తున్నాయి. ఇలాంటి షీట్లకు ఫ్రేము కట్టించి గోడకు తగిలించేవాళ్ళున్నారు. నాకు మాత్రం బల్ల మీదే కావాలి, చదువుకోవడానికి.

ఇప్పుడు పరుచుకున్నది 1890ల నాటి షీటు, కెర్నీ ఊరి దగ్గర ప్లాట్ నది. అంగుళానికి దాదాపు రెండు మైళ్ళు. మనిషి కట్టినవన్నీ నలుపు, నీళ్ళు నీలం, ఎత్తుపల్లాలు గోధుమ రంగు.

కొండల పటం చదవడం తేలిక. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతలు దగ్గర పడ్డాయంటే అక్కడ నిటారు. మైదానం అలా లొంగదు. ప్లాట్ మైలుకు ఆరేడు అడుగులే దిగుతుంది. 20 అడుగులకో కాంటూరు చొప్పున గీస్తే, నదిని ఒక గీత దాటాక రెండో గీత కోసం మూడు మైళ్ళు పోవాలి. కాగితం మీద అంగుళమున్నర! పెన్సిల్ మొనతో నది వెంట ఎగువకు మెల్లగా వెళ్తేనే ఆ గీత దొరుకుతుంది. గడ్డి మైదానంలో పటం గీసే ప్లేన్ టేబుల్ బల్లను నిలిపి, దాని మీది అలిడేడ్ పరికరంలోంచి చూస్తూ, కంటికి ఆనని ఆ వాలును పట్టుకున్న సర్వేయర్లంటే నాకు చెప్పలేనంత గౌరవం.

రోడ్లన్నీ చదరాలే. అక్కడ భూమిని మైలు చదరపు సెక్షన్లుగా కొలిచారు, ఒక్కోటి 640 ఎకరాలు. 1862 హోంస్టెడ్ చట్టం కింద రైతుకు అందులో పావు వంతు. తిన్నగా వచ్చిన నల్ల గీతలు నది ఒడ్డున ఆగిపోతాయి. అక్కడి నుంచి పాయలు, ఇసుక మేటలు, లంకలు.

అదే చోటు కొత్త షీటు పక్కన పెట్టి చూస్తే నీలం సన్నబడింది, అడవిని చూపే ఆకుపచ్చ ఒడ్డుల మీదికి వచ్చేసింది. కారణం ఎగువన ఉంది. రాకీ పర్వతాల మంచు కరిగి వచ్చే వరద ఒకప్పుడు మేటల మీది మొలకలను ఊడ్చుకుపోయేది. 1909లో పాత్‌ఫైండర్, 1941లో కింగ్స్‌లీ ఆనకట్టలు ఆ నీటిని పట్టి పొలాలకు మళ్ళించాయి. రైతుకు నీళ్ళందాయి, మొలకలు కాటన్‌వుడ్ చెట్లయ్యాయి. మార్చిలో లక్షల సంఖ్యలో దిగే శాండ్‌హిల్ క్రేన్ పక్షులకు రాత్రి నిలబడడానికి చెట్లు అడ్డులేని, వెడల్పాటి, లోతులేని నీరు కావాలి. వాటి కోసమే ఇప్పుడు కొన్నిచోట్ల మేటల మీది చెట్లు తీసేసి పాయలను మళ్ళీ తెరుస్తున్నారు. నది ఒకప్పుడు ఎంత వెడల్పుండేదో లెక్కగట్టడానికి పరిశోధకులు 1860ల నాటి భూ సర్వే పటాలను ముందేసుకుని, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కొలుచుకున్నారు.