గడప మీది గుమ్మడికాయ

గడపకు పసుపు రాయవద్దని నాతో చెప్పినవారు ఈ అరువదియేడేండ్ల బ్రతుకులో ఒక్కరే. ఆమె మా అమ్మాయి ఇంటిని అమ్మిపెట్టుటకు ఒప్పుకొన్న అమెరికా రియల్టరు. ఆమె ఆ మాట చెప్పునప్పటికి నేను రాయనే రాసితిని.

ఇది 2023 అక్టోబరు మొదటి వారపు ముచ్చట. అల్లునికి డాలసులో ఉద్యోగము కుదురుటచే, న్యూజెర్సీలోని ఎడిసన్ ఇంటిని పిల్లలు అమ్మకమునకు పెట్టదలచిరి. నేను వారికి సాయము చేయ వచ్చితినో, అడ్డము పడ వచ్చితినో ఆ నెల గడచువరకు తేలలేదు. శుక్రవారము గదా యని తెల్లవారుజామున లేచి, రెండు చెంచాల పసుపును నీట కలిపి, తూర్పు ముఖముగా నున్న ఆ ఇంటి తెల్లరంగు కొయ్యగడపకు నిండుగా పట్టించి, ఐదు కుంకుమ బొట్లు తీర్చి, నా పనితనమునకు నేనే మురిసికొనుచు లోనికి పోయితిని. తొమ్మిది గంటలకు ఫొటోలు తీయువానిని వెంటబెట్టుకొని వచ్చిన రియల్టరు, గడప యెదుట ఒక పాదము పైకెత్తి, దానిని ఎక్కడ దింపవలెనో తెలియక, మా అమ్మాయి ముఖమువంక చూచెను. కడుగగా కుంకుమ పోయినది, పసుపు పోలేదు. తెల్లచీరపై పడిన పసుపు మరకకు ఎండయే మందని ఎరిగినదానను గనుక, తుడిచి తుడిచి రంగు లేపవద్దని వారించి ఊరకుంటిని. మూడు దినముల తూర్పు ఎండకు మరక తనంతట వెలిసినది. ఆ మూడు దినములును మా అమ్మాయి నాతో పొడిపొడిగా మాటలాడినది.

“ఋతువు గడప మీద ఉండవచ్చును, ఇంటివారు మాత్రము ఉండరాదు”: రియల్టరు ఇంగ్లీషులో చాలసేపు చెప్పినదానిని మా అమ్మాయి తెనిగించగా నాకు దక్కిన సారము ఇది.

ఋతువనగా ఏ ఋతువు? శరదృతువని అమ్మాయి చెప్పినది. నిఘంటువులును అట్లే చెప్పును, కాని ఆ తర్జుమా నాకెన్నడును రుచింపలేదు. మన శరత్తు ఆశ్వయుజ కార్తికములది. వానలు వెనుదీసి, బురద గట్టిపడి, చెరువులు తేరి, గట్లపై రెల్లు తెల్లగా పూచి, వెన్నెల నిగ్గుదేలు కాలమది. ఆకు రాలుట మనకు శిశిరమునాటి మాట, మాఘ ఫాల్గుణముల సంగతి. అక్కడ నేను చూచినది శరత్తు పేరుతో వచ్చిన శిశిరము. పగలు కురుచయగుకొలది మేపుల్ చెట్టు ఆకులలోని పచ్చని పదార్థము విరిగిపోవును. అంతవరకు దాని మాటున దాగియున్న పసుపువన్నె బయటపడును. ఎరుపు మాత్రము దాగియున్నది కాదు, చల్లని రాత్రులలో ఆకునందు చిక్కిన చక్కెరను పెట్టుబడిగా పెట్టి చెట్టు క్రొత్తగా చేసికొనునది. నాలుగు నాళ్లలో రాలిపోవు ఆకునకు ఇంత ఖర్చెందుకని నేను కిటికీలోనుండి ఆశ్చర్యపడుచుండగా, క్రింద మా అల్లుడు, తాను ఇక నెల దినములు కూడ కాపురముండని ఇంటి తలుపునకు రంగు వేయుచుండెను.

అమ్మకమునకై ఇంటిని ముస్తాబు చేయుటను అక్కడ స్టేజింగ్ అందురు. స్టేజి యనగా రంగస్థలమే గదా. 1972లో సియాటిల్ ప్రాంతమున బార్బ్ ష్వార్జ్ అను నామె దీనికి నాంది పలికెనని ఆ వృత్తిలోనివారు చెప్పుకొందురు. చూడవచ్చినవారు తమ సంసారమును ఆ గదులలో ఊహించుకొనవలెనన్నచో, ఇప్పటి సంసారము తెర వెనుకకు తప్పుకొనవలెనట. కావున మెట్లవెంట గోడపైనున్న ఫొటోలు దిగినవి. తలుపు ప్రక్కన గుట్టపడియుండు చెప్పులు గరాజు చేరినవి. వంటగట్టుపై ఏనుగువలె కూర్చుండిన గ్రైండరు పెట్టెలోనికి పోయినది. పూజామందిరమును గోడకు మరలతో బిగించియుండిరి. గోడకు బిగించినది, ఒడంబడికలో మినహాయింపు వ్రాసికొననిచో, గోడతోపాటు కొన్నవారికే చెందునను నియమమొకటి కలదట. వెంకటేశ్వరస్వామిని ఒడంబడికలో మినహాయింపుగా వ్రాయించుటకు మనసొప్పక, అల్లుడు ఆ రాత్రియే మరలు విప్పినాడు.

నాకు కోపము రాలేదనలేను. మన ఇంట మన పటములు మనమే దాచుకొనుట యేమి, దొంగలమా యని ఒక రాత్రి మంచముపై దొర్లితిని. తెల్లవారుజామున తెనాలిలోని మా పుట్టినిల్లు అమ్మిననాటి సంగతి జ్ఞప్తికి వచ్చెను. అదియు దసరాకు ముందే. వానకాలమంతయు పాకుడు పట్టిన ప్రహరీని గీకించి, వెల్లవేయించి, మా అమ్మ తాతగారి పటముతో మొదలుపెట్టి అన్ని పటములను దింపి, గోడలోని మేకులను ఒక్కొక్కటిగా పెరికి, చిప్పలో కలుపుకొన్న సున్నపు ముద్దను చిటికెడు చొప్పున ఆ కంతలలో కూరి, బొటనవ్రేలితో అదిమి, తడిగుడ్డతో సమము చేయుచుండగా, ఇదేమి చాదస్తమని నాన్న గొణిగెను. “వచ్చేవాళ్లకి మన మేకులెందుకండీ, వాళ్ల మేకులు వాళ్లు కొట్టుకుంటారు” అని ఆమె వెనుదిరుగకయే అన్నది. ఆనాటికి బార్బ్ ష్వార్జ్ పేరు మా పేటలో ఎవరికిని తెలియదు. ఆ తలపు వచ్చినపిదప నేను కోపము మాని గడప పని పుచ్చుకొంటిని.

పుచ్చుకొన్న పనిలో మొదట నేర్చినది, ఫొటోలో గుమ్మడికాయ ఉండరాదని. ఇది నాకు మిక్కిలి నచ్చిన సూక్ష్మము. ఇల్లు ఎన్నాళ్లుగా అమ్ముడుపోక పడియున్నదో కొనువారు ఊరక అడుగరు, ఆనవాళ్లు వెదకుదురు. అక్టోబరున తీసిన ఫొటోలో మెట్టుపై గుమ్మడికాయ యున్నచో, నవంబరు నాలుగవ గురువారము వచ్చు థ్యాంక్స్‌గివింగ్ పండుగ దాటగానే ఆ కాయయే సాక్ష్యము చెప్పును. అందుచేత ఫొటోకు ఋతువు లేని ఇల్లు, కంటికి ఋతువున్న ఇల్లు. ఫొటోలు తీసి అతడు వెళ్లినపిదపనే మేము కాయలకై బయలుదేరితిమి.

మూడు గుమ్మడికాయలు, రెండు చామంతి కుండీలు, తలుపునకొక ఎండుటాకుల చక్రము. అంతకు మించరాదని ఆజ్ఞ. చామంతులు కొనునప్పుడు విరియబూచిన కుండీలవైపు మా అమ్మాయి చేయి పోగా నేను వెనుకకు లాగితిని; మొగ్గ మీదనున్న చెట్టు నెల నిలుచును, విరిసిన చెట్టు వారమునకు వాడును. ఈ చామంతికి కాలజ్ఞానము మెండు. రాత్రి పొడవైనగాని మొగ్గ తొడుగదు. తోటలవారు మొగ్గ వెనుకబడవలెనన్నచో రాత్రులందు పొలములో దీపములు వెలిగింతురు, ముందు రావలెనన్నచో నల్లగుడ్డ కప్పి పగటిని కురుచ చేయుదురు. కార్తికమున మన వాకిళ్లకు వచ్చు పువ్వే అక్కడి మెట్లపైనను కూర్చుండుట చూచి, దూరదేశమున మేనత్త కనబడినట్లు సంతసించితిని.

గుమ్మడికాయ సంగతి ఇంకను చిత్రము. మనము మంచిగుమ్మడి యనునది ఆ ఖండముననే పుట్టి మన పులుసులోనికి వచ్చినది. మనము ద్వారబంధమునకు దిష్టికి కట్టు బూడిదగుమ్మడి ఆసియాది. వారు కాయను నేలపై పెట్టుదురు, మనము పైన వ్రేలాడదీయుదుము. ఇరువురకును అది గడపకాపే. అక్టోబరు 31న హాలోవీన్ నాడు కాయకు కన్నులు, కోరలు చెక్కి లోపల దీపముంచు ఆచారము ఐర్లండునుండి వచ్చినదట. అక్కడ టర్నిప్ దుంపను చెక్కి దయ్యములను తరిమెడివారట. అదియు మన దిష్టిబొమ్మకు దాయాదియే గదా! అయినను అమ్మకపు ఇంట చెక్కుట తగదు. చెక్కిన కాయ వారమునకే క్రుళ్లి కుంగును, చెక్కనిది చల్లని పొడిచోట రెండు నెలలు నిలుచును. ఎదురింటివారు పచ్చిక నిండ అస్థిపంజరములను నాటిరి; వారి ఇల్లు అమ్మకమునకు లేదు, వారి వేడుక వారిది.

ఉడుతల విషయము మాత్రము ఎవరును చెప్పలేదు. రెండవ రాత్రికే పెద్దకాయ ప్రక్కన పిడికిలి పట్టునంత కంత పడినది. ఉదయము తలుపు తీయగా ఒక బూడిదరంగు ఉడుత, మన రామాయణపుటుడుతకు మూడింతలున్నది, కంతలోనుండి తల బయటికి పెట్టి, గింజను రెండు చేతులతో పట్టుకొని, నన్ను చూచియు నములుట మానలేదు. కాయ మార్చి, చిన్న కాయలకు మిరియపుపొడి పట్టించితిని. పని చేసినదో, ఉడుతకు కడుపు నిండినదో, మరల రాలేదు.

లోపలి అలంకారము అల్లుని చేతిలో పడినది. అతడు అంగడిలో నారింజవన్నెలో నున్న వస్తువునెల్ల కొని తెచ్చి, సోఫాపై ఐదు దిండ్లు, మెట్లకు ప్లాస్టిక్ ఆకుల దండ, మూడు గదులలో మూడు దాల్చినచెక్క కొవ్వొత్తులు పేర్చి, “ఎలా ఉంది అత్తయ్యా?” అని అడిగెను. “పెళ్లిపందిరిలా ఉంది నాయనా” అంటిని. మంచివాడు, నొచ్చుకొనలేదు. దిండ్లు రెండైనవి, దండ పోయినది, ఆవపిండి రంగు దుప్పటి ఒక్కటి సోఫా చేతిపై మిగిలినది. కొవ్వొత్తులను రియల్టరే ఆర్పించినది. వాసన ఎక్కువైనచో దేనిని కప్పిపుచ్చుచున్నారో యని వచ్చినవారు గోడల మూలలు మూచూతురట. కప్పిపుచ్చవలసినది మాకు లేకపోలేదు, అది ఇంగువ. మూడు దినములు ఇంట పోపు పెట్టలేదు. పెరుగన్నము, ఆవకాయతో గడిపితిమి, ఆవకాయ జాడీ మూత కూడ పెరటిలోనే తీసితిమి.

ఇక ఆదివారపు చిక్కు. ఓపెన్ హౌస్ అక్టోబరు 15, ఆదివారము, మధ్యాహ్నము ఒంటిగంట మొదలు నాలుగువరకని నిశ్చయించిరి. నవరాత్రుల మొదటి దినమును అదియే. మా అమ్మాయి ఏటేట ఐదు మెట్ల బొమ్మల కొలువు పెట్టును. ఏమి చేయుదుము? వేకువ ఐదింటికి కలశము నిలిపి, పూజ ముగించి, పడకగది బీరువాలో కొలువును మూడు అరలకు కుదించి, పండ్రెండింటికి తలుపు వేసితిమి. రియల్టరు బీరువా తెరచి చూచి, మూసి, మరల తెరచి, కొండపల్లి అంబారీ ఏనుగును చేతిలోనికి తీసికొని బరువు తూచినది. తెల్లపొణికి కొయ్య గనుక అది చూచినంత బరువుండదు. తేలికకు అబ్బురపడి, దానిని తెచ్చి పొయ్యిగూటి పైని చపటాపై, రెండు మేపుల్ ఆకుల నడుమ నిలిపినది. మా సంసారమునుండి ఆ రంగస్థలముపై నిలిచిన పాత్ర అదొక్కటే. ఆ నాలుగాకులు, దిండ్లు, దుప్పట్లు కొనిన డబ్బంతయు ఒక యెత్తు, ఆ యేనుగొక్కటి ఒక యెత్తు అని నా అభిప్రాయము. కాని నేను కొండపల్లి పక్షపాతిని, నా మాట పట్టించుకొననక్కరలేదు.

నన్నడిగినచో ఆ నెలలో చేసిన అసలైన అలంకారము ఊడ్చుట. ఉదయమొకసారి, సాయంత్రమొకసారి, మెట్లపై పడిన ఆకును ఊడ్చి పోసితిని. తడిసిన ఆకు మెట్టుపై నూనెవలె జారును, చూరుకాలువలో నిండిన ఆకు ఇంటివారి సోమరితనమును వీధికి చాటును. అల్లుడు నిచ్చెన వేసి కాలువలు తీసినాడు. నవంబరు 5న గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పినపిదప సాయంత్రము ఐదు కాకమునుపే ప్రొద్దు గ్రుంకుట మొదలైనది. ఆఫీసు ముగించుకొని ఇల్లు చూడ వచ్చువారికి రంగుటాకులును కనబడవు, చామంతులును కనబడవు, కిటికీలో దీపము మాత్రమే కనబడును. సంధ్యాదీపము మరువవద్దని నేను ముప్పదియేండ్లుగా చెప్పుచున్నది, ఆ నెలలోనే మా అమ్మాయి మొదటిసారి విన్నది.

నవంబరు రెండవ వారమున ఒప్పందము కుదిరినది. కొన్నవారు ఇద్దరు ఉపాధ్యాయులు. తూర్పు ముఖమని కాదు, గరాజు పెద్దదని కొనిరి. సంతకములైన పిదప న్యూజెర్సీలో మూడు పనిదినములు న్యాయవాదుల పరిశీలనకు విడుతురు, ఆలోగా ఎవరైనను వెనుదీయవచ్చును. మొదటినాడు ఊపిరి బిగబట్టితిమి. రెండవనాడు, ఎట్లైన కానిమ్మని, గడప మీది పెద్ద గుమ్మడికాయను లోనికి తెచ్చి, కత్తిపీట లేకపోవుటచే అల్లునిచేత కోయించి, ఇంగువ పోపు ఘాటుగా వేసి పులుసు పెట్టితిని. చెక్కుటకై పెంచు జాతి అది. పీచు మెండు, తీపి తక్కువ. బెల్లము రెండింతలు పట్టినది.