నాలుగు గంటల లైసెన్సు

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో కారు తాళం చేతిలో లేకపోతే ఆఫీసూ లేదు, అంగడీ లేదు, పిల్లల బడీ లేదు. చుట్టుపక్కల ఊళ్ళకు బస్సులు, రైళ్ళు నడిపే డార్ట్ సంస్థలో ఆ ఊరికి సభ్యత్వమే లేదు. మన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ఊరది. అక్కడ తాగి నడుపుతూ పట్టుబడ్డవాడి లైసెన్సు లాగేసుకుంటే ఇల్లు గడవదు. చేతిలో ఉంచితే, రేపు ఎదురొచ్చే బండిలోని వాళ్ళకు పూచీ ఎవరు?

టెక్సస్ చట్టం ఈ రెంటికీ మధ్య ఒక దారి వెతికింది. దాని పేరు ఆక్యుపేషనల్ లైసెన్సు.

దీనికోసం కోర్టులో అర్జీ పెట్టుకోవాలి. ఉద్యోగం, చదువు, తప్పనిసరి ఇంటి పనులు, వీటికే అనుమతి. మామూలుగా రోజుకు 4 గంటలు. అవసరం నిరూపిస్తే 12 గంటల దాకా. ఏ రోజుల్లో, ఏ వేళల్లో, ఏ ప్రాంతంలో, ఏ పని మీద నడపవచ్చో ఉత్తర్వులోనే రాసి ఉంటుంది. దాని ధ్రువీకరించిన నకలు ఎప్పుడూ వెంట ఉండాలి. జడ్జి కోరితే ఎప్పుడు బయల్దేరిందీ, ఎటు వెళ్ళిందీ పుస్తకంలో రాసుకోవాలి. ఆఫీసు నుంచి వస్తూ స్నేహితుడింట్లో సత్యనారాయణ వ్రతానికి ఆగి ప్రసాదం తీసుకుందామంటే కుదరదు. ఆ ఇల్లు ఉత్తర్వులో లేదు.

కారుకు ఇంటర్‌లాక్ బిగించుకునే మార్గమూ ఉంది. గొట్టంలోకి ఊది, ఊపిరిలో మద్యం లేదని తేలితేనే ఇంజిను కదులుతుంది. దారిలో మళ్ళీ ఊదమంటుంది. ఆ పరికరమున్న బండికే పరిమితమైనవాడికి కోర్టు వేళల ఆంక్ష పెట్టదు. గడియారం కంటే ఊపిరినే నమ్మడం తెలివైన పని. సాయంత్రం నాలుగింటికి తాగినవాడు, రాత్రి పదింటికి తాగినవాడు రోడ్డు మీద ఒకే రకం ప్రమాదం.

ఇక బీమా. ఆక్యుపేషనల్ లైసెన్సు కావాలంటే ఎస్సార్-22 ఉండి తీరాలి. చాలామంది దాన్నొక పాలసీ అనుకుంటారు. నిజానికది బీమా కంపెనీ రాష్ట్రానికి పంపే హామీ పత్రం: ఈ మనిషికి కనీస బీమా ఉంది అని. టెక్సస్‌లో ఆ కనీసం, గాయపడ్డ ఒక్కొక్కరికి 30 వేల డాలర్లు, ఒక ప్రమాదంలో గాయపడ్డవారందరికీ కలిపి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేలు. శిక్ష పడిన రోజు నుంచి 2 ఏళ్ళు అది నిలబడాలి. సొంత కారు లేనివాడూ కారు లేనివారి పాలసీ కొనుక్కోవాల్సిందే. వాయిదా కట్టక పాలసీ ఆగిపోతే కంపెనీ ఎస్సార్-26 అనే మరో కాగితం పంపుతుంది. లైసెన్సు మళ్ళీ పోతుంది.

ఫ్లోరిడా ఇంకా ముందుకెళ్ళింది. అక్కడ మామూలు డ్రైవరుకు ఇతరుల గాయాలకు చెల్లించే బీమా తప్పనిసరి కాదు. తాగి నడిపి శిక్ష పడ్డవాడికి మాత్రం 2007 నుంచి ఎఫ్ఆర్-44 కింద ఒక్కొక్కరికి లక్ష, ప్రమాదానికి 3 లక్షల డాలర్లు ఉండాలి. కాలిఫోర్నియాలో మంచి డ్రైవరుకిచ్చే 20 శాతం తగ్గింపు అలాంటివాడికి 10 ఏళ్ళు అందదు. ఈ లెక్కలన్నిటి వెనకా ఉన్నది రేపు దెబ్బ తినగల మనిషి. అందుకే ఈ పద్ధతి మెచ్చదగింది.

మన పిల్లలకు మరో దెబ్బ ఉంది. 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ, కోర్టు తీర్పు కోసం ఆగకుండా, తాగి నడిపినందుకు జరిగిన అరెస్టు ఆధారంగానే వీసా రద్దు చేయగలుగుతోంది. విద్యార్థి వీసా అయినా, హెచ్-1బీ అయినా అంతే. అమ్మానాన్నలను చూడటానికి వస్తే, తిరిగి వెళ్ళడానికి మళ్ళీ కాన్సులేట్ గుమ్మం ఎక్కాలి.

మన దేశంలో సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారి 6 నెలల దాకా జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. బీమా కంపెనీకి ఆ విషయం గుర్తొచ్చేది బండి గుద్దుకున్నాకే. 2007లో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర ఒక పోర్షా కారు బోల్తా పడి కాలిపోయింది. డ్రైవరు మద్యం మత్తులో ఉన్నాడని కంపెనీ క్లెయిము తిరస్కరించింది. 2021లో సుప్రీంకోర్టు కంపెనీ పక్షానే నిలిచింది.

అదే ఏడాది జనవరిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమించిన కమిటీ, ట్రాఫిక్ తప్పులను బట్టి అదనపు ప్రీమియం వేయాలని ముసాయిదా ఇచ్చింది. తప్పుడు పార్కింగుకు 10 పాయింట్లు, తాగి నడిపితే 100. దేశమంతటా అది అమలుకు రాలేదు. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది హైదరాబాద్‌లోనే. శనివారం రాత్రి పోలీసులు తనిఖీలు చేసే రోడ్లు దానికి దగ్గరే. ఆ ముసాయిదా దుమ్ము దులిపి, ముందుగా తెలుగు రాష్ట్రాల్లో అమలు చేసి చూడండి.