ఊపిరి నిలబెట్టే వీధి సేవ
హెరాయిన్, ఫెంటనిల్ వంటి ఓపియాయిడ్ల మోతాదు మించితే శ్వాస మందగించి ఆగిపోవచ్చు. నలాక్సోన్ అనే మందు నిమిషాల్లోనే ఊపిరిని తిరిగి రప్పిస్తుంది. దీన్ని మత్తుమందులు వాడేవారి చేతికే ఇచ్చే పద్ధతికి 1996లో అమెరికాలోని షికాగో రికవరీ అలయన్స్ అనే సంస్థ దారి వేసింది.

ఇలా వీధుల్లో ఈ మందు పంచే స్వచ్ఛంద కార్యకర్తల పనితనం గొప్పది. పడిపోయిన మనిషిని పిలుస్తారు, రొమ్ము ఎముకపై పిడికిలితో గట్టిగా రుద్దుతారు. పలకకపోతే అంబులెన్సును పిలిచి, ముక్కులో మందు కొట్టి, నోటితో ఊపిరి ఊదుతారు. నలాక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే కనుక, ప్రమాదం తప్పేదాకా పక్కనే కనిపెట్టుకుని ఉంటారు. మందలించకుండా మాట్లాడటమూ నేర్చుకోవలసిన విద్యే. నమ్మకం లేనిచోట ఎవరూ సాయం అడగరు.

2023లో అమెరికా ప్రభుత్వం నలాక్సోన్ స్ప్రేను డాక్టరు చీటీ లేకుండా అమ్మేందుకు అనుమతించింది. ఆ అవసరాన్ని వీధి కార్యకర్తలు పాతికేళ్లకు ముందే గుర్తించారు.