తెలుగు హాస్యం, మారే సంఘం: ‘కన్యాశుల్కం’ ఆధారంగా ఒక పరిశీలన

హాస్య రచనల గురించి మన విమర్శలో రెండు అభిప్రాయాలు తరచు కనిపిస్తాయి. హాస్యం సంఘానికి అద్దం పడుతుందనేది ఒకటి. దురాచారాన్ని ఎగతాళి చేసి పోగొడుతుందనేది రెండోది. మొదటిది పూర్తిగా ఒప్పుకుంటే ఆచారం పోగానే రచన పాతబడాలి. రెండోది ఒప్పుకుంటే పని పూర్తికాగానే దాని అవసరం తీరిపోవాలి. గురజాడ అప్పారావు (1862–1915) ‘కన్యాశుల్కం’ ఈ రెండు లెక్కలకూ లొంగలేదు. డబ్బు పుచ్చుకొని పసిపిల్లను ముసలివాడికి కట్టబెట్టే ఆచారం ఆ వర్గాల్లో అంతరించింది, నాటకం నిలిచింది. ఆంధ్రదేశానికి వెలుపల తెలుగు చదువుకునే విద్యార్థులు, ఎప్పుడో పోయిన ఆచారం మీద రాసిన నాటకం తమకెందుకని అడగడం సహజం. ఆ ప్రశ్నకు సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. చాలా భాగం తిరగరాసి పెంచిన రెండో కూర్పు 1909లో వచ్చింది. ఈనాడు మనం చదువుతున్నది ఏడంకాల ఈ రెండో కూర్పునే. మొదటి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో గురజాడ కొన్ని అంకెలు ఇచ్చారు. విజయనగరం మహారాజు ఆజ్ఞపై తయారైన జాబితా ప్రకారం విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో నమోదైన శుల్క వివాహాలు 1,034. పెళ్లినాటికి అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44 మంది, మూడేళ్ల వాళ్లు 36 మంది, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు కాబట్టి ఈ జాబితా సమగ్రం కాదని కూడా ఆయనే చెప్పారు.

ఇంత దారుణమైన జాబితా చేతిలో ఉన్న రచయిత విషాద నాటకం రాస్తాడని ఎవరైనా అనుకుంటారు. గురజాడ ప్రహసనానికి దగ్గరగా ఉండే నాటకం రాశారు. ఎందుకు? జాబితా నేరాన్ని చెబుతుంది. ఆ నేరాన్ని ఇంటింటా ఎలా మామూలు వ్యవహారంగా మార్చుకున్నారో చెప్పలేదు. అది హాస్యానికి చేతనైన పని. అగ్నిహోత్రావధానులు రాక్షసుడు కాడు. కోపిష్ఠి, దావాల పిచ్చివాడు, వేదం చదువుకున్నవాడు, కొడుకు ఇంగ్లీషు చదువు చూసి మురిసిపోయే తండ్రి. అలాంటివాడే పెద్దకూతురు బుచ్చమ్మ వైధవ్యం కళ్లెదుట ఉండగా చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధానులకు అమ్మజూపుతాడు. అతణ్ణి చూసి ప్రేక్షకుడు నవ్వుతాడు. నవ్విన తరువాత అలాంటి పెద్దమనిషి తన వీధిలోనూ ఉన్నాడని గుర్తిస్తాడు.

నాటకంలోని ముఖ్యమైన ఎత్తును ఈ దృష్టితో చూడాలి. సుబ్బి పెళ్లి తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి లుబ్ధావధానులకు అమ్ముతాడు. ఇది కేవలం మారువేషపు వినోదం కాదని మా అభిప్రాయం. బేరం కుదిరింది, శుల్కం ముట్టింది, తాళి కట్టడమూ జరిగింది; పెళ్లికూతురు ఆడపిల్ల కాదని మాత్రం వరుడికి తెలియలేదు. ఆ వివాహంలో వధువంటే ధర తప్ప మనిషి కాదన్న సంగతి ఎంత ఉపన్యాసం ఇచ్చినా ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం.

ఇంతవరకు హాస్యం ఉన్న సంఘాన్ని చూపింది. రాబోయేదాన్ని ఎక్కడ పసిగట్టిందో ఇప్పుడు చూద్దాం. 1881లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఆనాడు సంస్కర్తకు దక్కింది వెలి, తిట్లు. ఆ తరువాతి దశాబ్దంలో సంస్కరణకు ఇంగ్లీషు చదివినవారి మధ్య కొంత గౌరవం వచ్చింది. గౌరవం వచ్చిన ప్రతి మాటకూ వేషధారులు తయారవుతారు. గిరీశం అలా తయారైనవాడు. పూటకూళ్లమ్మ డబ్బు కాజేసినవాడే వితంతు వివాహం మీద ఉపన్యాసాలు దంచుతాడు. ఆ ఉపన్యాసాలతోనే బుచ్చమ్మను లేవదీసుకుపోతాడు. సంస్కరణ పక్షాన నిలిచిన రచయిత సంస్కర్త భాష మాట్లాడే మోసగాణ్ణి నాటకానికి కేంద్రం చేయడం సాహసమే. ప్రత్యర్థులకు ఆయుధం ఇచ్చినట్లవుతుందన్న భయం ఆయనను ఆపలేదు. ఆ తరువాత మన దేశంలో ఎన్నో మంచి మాటలు చెలామణిలోకి వచ్చాయి. ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క గిరీశం దొరికాడు. ఆ పేరు తెలుగులో జాతివాచకం కావడానికి ఇదే కారణం.

రెండో సూచన మరీ సూక్ష్మమైనది. వెంకటేశం, గిరీశం కలిసి ఇంగ్లీషు బాలగేయాలు వల్లించి, అవేవో గొప్ప చదువులన్నట్లు ఇంట్లో పెద్దలను నమ్మిస్తారు. పరీక్ష తప్పిన కుర్రవాడికి నాలుగు ఇంగ్లీషు ముక్కలవల్ల విలువ పెరిగింది. ఆడపిల్లకు ధర కట్టే ఇంట్లోనే మగపిల్లవాడి చదువుకు ధర పెరగడం మొదలైంది. 1920ల్లో కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ వచ్చేనాటికి బేరం పూర్తిగా తిరగబడింది. అమ్ముడుపోయేది వరుడు. అక్కడ కూడా పిసినారి సింగరాజు లింగరాజు నవ్విస్తాడు. ఆ నవ్వు మధ్యనే కాళింది ప్రాణం తీసుకుంటుంది. బాల్య వివాహాలను అరికట్టే శారదా చట్టం 1929లో, వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చాయి. రెండు చట్టాలకూ ముందే నాటకశాల మాట్లాడింది. దీన్ని జోస్యం అనడం పొరపాటు. ఇంకా పేరు పెట్టని ప్రవర్తనను హాస్యకారుడి కన్ను ముందుగా పట్టుకుంటుంది, అంతే.

మధురవాణి విషయం మూడోది. రెండో కూర్పులో ఆమె పాత్ర ఎంతో పెరిగింది. 1890ల్లో మద్రాసు రాజధానిలో భోగం మేళాలను బహిష్కరించే ఉద్యమం నడిచింది. నాటకంలో సౌజన్యారావు పంతులు ఆ వ్రతం పట్టినవాడు. వేశ్య ముఖం చూడడు. ఆయన చేపట్టిన కేసు గట్టెక్కడానికి చివరకు మగవేషంలో వచ్చిన మధురవాణే కావలసివచ్చింది. గిరీశం గుట్టు బయటపడిందీ ఆమె వల్లనే. బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు ఆ తరువాతిది. ఇక్కడ నవ్వు మంచివాడి మీదికీ తిరిగింది. మనిషిని తాకకుండా సంస్కరణ ఎలా సాధ్యమని నాటకం సౌజన్యారావును మెత్తగా నిలదీస్తుంది. దేవదాసీల అంకితాన్ని నిషేధించిన మద్రాసు చట్టం 1947లో వచ్చింది. ఆ వృత్తిలోని స్త్రీ గౌరవం సంగతేమిటన్న ప్రశ్న 1909 నాటి ఈ నాటకంలోనే ఉంది.

ఆచారం మారిందని తెలుసుకోవడానికి మరో కొలత, నవ్వు ఎవరి మీదికి మళ్లిందో చూడటం. ఒకప్పుడు సముద్రయానం చేస్తే ప్రాయశ్చిత్తం తప్పదనేవారు. 1924లో మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’ మొదటి భాగం వచ్చేసరికి, మొగల్తూరు కుర్రవాడు సీమకు వెళ్లడం దోషమా కాదా అన్నది హాస్యానికి వస్తువు కాలేదు. మద్రాసులో అతడు కొన్న టోపీ ఆడవాళ్లదని తెలియకపోవడం వస్తువయింది. పాపం భయం పోయి మర్యాద తెలియదన్న సిగ్గు వచ్చింది. మునిమాణిక్యం నరసింహారావు కాంతం కథల్లో నవ్వులపాలయ్యేది పెళ్లాం కాదు, పంతులుగారే. దాంపత్యంలో భర్త మాట చివరి మాట కాకుండా పోవడాన్ని ఆ కథలు ఇష్టంగా చూశాయి.

అయితే హాస్యం ఎప్పుడూ ముందుచూపుతోనే ఉంటుందనుకోరాదు. ‘కన్యాశుల్కం’ ప్రపంచం ప్రధానంగా అగ్రహారం, పట్నపు ప్లీడర్లు, వారి చుట్టూ తిరిగేవాళ్లది. అనేక ఇతర కులాల్లో ఉన్న ఓలి సంప్రదాయాన్ని ఆ శుల్కంతో కలిపి చూడటం సరికాదు; దాని చరిత్ర వేరు. అలాగే యాసను వెక్కిరించి నవ్వించే చెడ్డ అలవాటు మన రంగస్థలానికీ సినిమాకూ చాలాకాలం ఉంది. నౌకరుకో రౌడీకో ఒక ప్రాంతపు మాట తగిలించడమే హాస్యమనుకున్నారు. హోసూరు, బళ్లారి, బరంపురం తెలుగులు మాట్లాడే మన విద్యార్థులకు ఈ నవ్వు దెబ్బ ఎలాంటిదో వేరే చెప్పనవసరం లేదు. గురజాడ పద్ధతి వేరు. శాస్త్రికి, పంతులుకి, అసిరిగాడికి ఎవరి మాట వారికి ఉంది. నవ్వు పుట్టేది మాట తీరు నుంచి కాదు, మాట వెనుక దాచిన ఉద్దేశం నుంచి. విజయనగరం పలుకుబడిలో రాసిన నాటకం అన్ని ప్రాంతాల తెలుగువారిదీ కావడానికి ఇది ముఖ్య కారణమని మేము భావిస్తున్నాం. 1936లో ఒడిశా ఏర్పడేవరకు బరంపురం, విజయనగరం ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోదగ్గది.

కాబట్టి ఈ నాటకాన్ని చదివేటప్పుడు దురాచారం పేరు, అది పోయిన సంవత్సరం రాసుకుంటే చాలదు. ప్రతి రంగంలో ఎవరు నవ్వుతున్నారు, ఎవరిని చూసి, ఆ నవ్వువల్ల ఎవరి పరువు పోతోంది అని గుర్తించాలి. విద్యార్థులు తమ ఇళ్లలోనే మరొక పని చేయవచ్చు. పెళ్లిళ్లు, కట్నాలు, కోడళ్లు, చదువులు, పొరుగు భాషలవాళ్ల మీద పెద్దలు చెప్పుకునే ఛలోక్తులను వారి మాటలోనే రాసిపెట్టుకోవాలి. వాటిలో ఏవి ఇప్పుడు నవ్వు తెప్పించడం లేదో, ఏవి చెప్పడానికి పెద్దలే సంకోచిస్తున్నారో వేరుచేయాలి. తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన ఊళ్లలో సంఘం ఎలా మారిందో చెప్పే సాక్ష్యం ఆ రెండో జాబితాలో దొరుకుతుంది. పుస్తకాలకెక్కని ఆ చరిత్రను సేకరించవలసింది అక్కడ పుట్టి పెరిగిన విద్యార్థులే.