పొందూరు నూలుకు సాక్షి ఎవరు?

వాలుగ చేపను కూరకు కొన్నవాళ్లు దాని దవడను పారేస్తారు. పొందూరులో ఆ దవడే పనిముట్టు. సన్నని పళ్లు ఒత్తుగా ఉన్న ఎముక ముక్కను శుభ్రం చేసి, ఎండబెట్టి, గింజ తీయని పత్తిని కొద్దికొద్దిగా చేతిలోకి తీసుకుని దానితో దువ్వుతారు. ఆకు తునకలూ దుమ్మూ రాలిపోతాయి. గింజను అంటిపెట్టుకున్న పోగులు చిక్కు విడి బారుగా నిలుస్తాయి. చూసేవాళ్లకు ఓపిక నశించేంత నిదానమైన పని ఇది. కానీ ఇక్కడ మిగిలిపోయిన చెత్త రేపు దారంలో ఉండలా తేలుతుంది, ఎల్లుండి మగ్గం మీద పోగు తెంపుతుంది.

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ మీద రాసేవాళ్లంతా గాంధీగారితో మొదలుపెడతారు. ఆయన మెచ్చుకున్న మాట నిజమే. కొడుకు దేవదాస్ గాంధీని ఆ ఊరికి పంపిన మాటా నిజమే. 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడి, ఈ పనికి ఒక గొడుగు పట్టింది. ఈ చరిత్ర చాలామందికి తెలుసు. పని తెలిసినవాళ్లు తక్కువ.

దువ్విన పత్తిని పలక మీద పరిచి సన్నని ఇనపకడ్డీని దొర్లిస్తే గింజ ఒకవైపు, దూది ఒకవైపు వస్తాయి. కడ్డీ మీద బరువు మోపితే గింజ నలిగి దూదిలో కలిసిపోతుంది, మోపకపోతే గింజ కదలదు. ఆ ఒత్తిడి ఎంతో కొలిచే పరికరం లేదు, అరచేతికి తెలుస్తుందంతే. తర్వాత నారి బిగించిన వింటితో దూదిని ఏకుతారు. నారి మోగుతున్న కొద్దీ దూది పొంగి విచ్చుకుంటుంది. దాన్ని ఏకులుగా చుట్టి, రేగిపోకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటారు. ఏకు కొసను ఒంటికదురు రాట్నానికి అందించాక అసలు విద్య మొదలవుతుంది. ఒక చెయ్యి చక్రం తిప్పుతుంటే రెండో చెయ్యి ఏకును వెనక్కి లాగుతుంది. లాగే వేగం కాస్త ముందైతే దారం తెగుతుంది, వెనకైతే లావెక్కుతుంది. ఈ రెండింటి మధ్య చోటు వెంట్రుకవాసి.

ఇక్కడ వాడే కొండపత్తి, ఎర్రపత్తి పొట్టి పోగు రకాలు. సన్ననూలుకు మిల్లులు పొడుగు పోగు పత్తినే వెతుక్కుంటాయి. పొందూరు ఆడవాళ్లు పొట్టి పోగుతోనే నూరో నంబరు నూలు తీస్తారు. నూలు నంబరు లెక్క తెలిస్తే ఆ మాట బరువు అర్థమవుతుంది. 840 గజాల చిలపలు ఒక పౌనుకు ఎన్ని తూగితే అది అన్నో నంబరు. నూరో నంబరంటే పౌను దూదిలోంచి 84,000 గజాలు. కిలోమీటర్లలో దాదాపు 77. అరకిలో కూడా లేని దూదిలోంచి తీసిన దారం శ్రీకాకుళంలో కొస కట్టి వదిలితే రోడ్డు వెంట విజయనగరం చేరుతుందన్నమాట.

ఇంతటి పనికి సాక్ష్యం ఏది? వ్యాపార లోకంలో నాణ్యత అనగానే గోడ మీద ఐఎస్ఓ 9001 ఫ్రేము చూపిస్తారు. ఆ ప్రమాణం తొలిసారి 1987లో వచ్చింది. పర్యావరణానికి సంబంధించిన 14001 వచ్చింది 1996లో. జెనీవాలోని ఐఎస్ఓ ప్రమాణాలు రాస్తుందే తప్ప ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, ఇచ్చేవి వేరే సంస్థలు. పైగా 9001 వస్తువు మేలైనదని హామీ ఇచ్చే కాగితం కాదు. పద్ధతి ఏర్పరచుకున్నారా, దాని ప్రకారమే చేస్తున్నారా, తప్పు ఎక్కడ దొరుకుతోంది, మళ్లీ జరక్కుండా ఏం చేస్తున్నారు అన్నవే అది అడిగే ప్రశ్నలు. 14001 కూడా ఇంత పొగకు మించకూడదని హద్దు గీయదు, సంస్థకు తన వల్ల ప్రకృతికి జరిగే నష్టాన్ని గుర్తించి తగ్గించుకునే ఏర్పాటు ఉందా అని చూస్తుంది.

ఆ కళ్లతో పొందూరును చూడండి. అప్పగించిన చిలపను తూచి, నంబరు తేల్చి, దాన్నిబట్టి కూలి కడతారు. నూలు లావైతే నంబరు పడిపోతుంది, దాంతో కూలీ పడిపోతుంది. నంబరు కోసం పురి తక్కువ పెట్టి నాజూకు చేస్తే పడుగులో తెగుతుంది, నేతగాడు ఊరుకోడు. ఫైళ్లు లేకుండానే తనిఖీ నడుస్తోంది. పర్యావరణం లెక్కకొస్తే, వడకడానికీ నేయడానికీ కరెంటు అక్కర్లేదు. ఆడిటరు నిజంగా ఆగి అడగవలసిన ప్రశ్న ఒకటుంది: వాలుగ చేప ఇవాళ ముప్పున్న జాతుల జాబితాకెక్కింది, రేపు దవడ దొరక్కపోతే ఏం చేస్తారు? ఇది ఎవరో ఒకరు ఇప్పుడే ఆలోచించాలి.

చేతిపనికి చట్టం ఇచ్చిన గుర్తు వేరే ఉంది. 2013లో నోటిఫై అయిన ఖాదీ మార్కు నిబంధనల ప్రకారం, దేశంలో చేత్తో వడికిన నూలుతో చేమగ్గం మీద నేసిందే ఖాదీ. ఆ మార్కు లేకుండా ఖాదీ అని అమ్మకూడదు. చట్టం ఇచ్చే మరో గుర్తు, భౌగోళిక గుర్తింపు, విజయనగరం జిల్లా బొబ్బిలి వీణకు దక్కింది. ఒకే పనస దుంగలోంచి తొలిచిన పనితనం అక్కడ కంటికి ఎదురుగానే ఉంటుంది. బట్టకు ఆ సౌకర్యం లేదు. మడత విప్పి చూసినంత మాత్రాన దారం చేతిదో మిల్లుదో మామూలు కొనుగోలుదారు పోల్చుకోలేడు. అందుకే ఖాదీ మార్కు అవసరం.

అయితే మార్కు ఔనా కాదా అన్నంతవరకే చెబుతుంది. ముప్పయ్యో నంబరు ముతక గుడ్డకూ, నూరో నంబరు పంచెకూ అదే గుర్తు. నా మటుకు నాకు ఇది అన్యాయంగా తోస్తుంది. వడికినవాళ్ల ప్రతిభంతా ఉన్నది ఆ తేడాలోనే కదా! మార్కు పక్కనే నూలు నంబరు కూడా అచ్చువేస్తే పోయేదేమీ లేదు, సంఘం పుస్తకాల్లో ఎలాగూ ఉండే లెక్కే అది.

అందాకా పొందూరు పంచె కొనేటప్పుడు మార్కు చూసి ఊరుకోకండి. నూలు ఎన్నో నంబరని దుకాణంలో అడగండి. వడికినవాళ్లకు కూలి కట్టింది ఆ అంకెను బట్టే.