ఒకే పాదం, పదిమంది కవులు

అవధానంలో పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, అవధాని ఒక్కడే పూరిస్తాడు. హైదరాబాద్ పాతబస్తీ ఎరిగిన తర్హీ ముషాయిరా అనే ఉర్దూ కవిసభలో మాత్రం సమస్య అందరిదీ. నిర్వాహకులు ముందుగానే ఒక మిస్రా, అంటే పాదం, ప్రకటిస్తారు. ఆ ఛందస్సులో, ఆ ప్రాసలోనే కవులంతా గజల్ రాసుకుని రావాలి.

కొలతలన్నీ ఆ పాదంలోనే ఉంటాయి. ‘మాట లేదు, బాట లేదు, పాట లేదు’ అనుకుంటే, మారకుండా తిరిగొచ్చే ‘లేదు’ రదీఫ్; దాని ముందు మారే ప్రాసపదాలు ఖాఫియాలు. షేర్ అంటే రెండు పాదాల పద్యం. తొలి షేర్ మత్లాలో రెండు పాదాలకూ ఈ జంట పడాలి, తర్వాత రెండో పాదానికి పడితే చాలు. చివరి షేర్ మఖ్తాలో కవి తన తఖల్లుస్ (కలంపేరు) పొదుగుతాడు. ఇచ్చిన పాదానికి సొంత పాదం జోడించి షేర్ కట్టడం గిరహ్. అసలు పరీక్ష అదే.

చదవడమూ ఒక విద్యే. కవి మొదటి పాదం చదివి ఆగుతాడు. సభ దాన్ని అందుకుని తిరిగి అంటుంది. కవి మళ్లీ చదువుతాడు. ఈలోగా రాబోయే ఖాఫియా ఏదై ఉంటుందా అని వినేవాళ్లు వెతుక్కుంటారు. అది పడగానే రదీఫ్‌ను కవితో కలిసి పలుకుతారు. వాహ్వాలు, ముకర్రర్‌లు (‘మళ్లీ చదవండి’ అనే కేకలు) లేస్తాయి. ఊహించిన మాటే వచ్చిందా, దాద్ (మెచ్చుకోలు) పలచబడుతుంది.

ఈ సంప్రదాయం విలువంతా నాకు ఆ వినడంలోనే కనిపిస్తుంది. మన కవిసమ్మేళనాల్లో తన వంతు కాగానే సంచీ సర్దుకునే కవులున్నారు (పేర్లెందుకు లెండి). ఇక్కడ లేవబుద్ధి కాదు. తాను రాత్రంతా కుస్తీపట్టిన ఖాఫియాను పక్కవాడెలా లొంగదీశాడో చూడాలనిపిస్తుంది. ఇద్దరికీ ఒకే భావం తడితే దొంగతనమనరు, తవారుద్ అని నవ్వుకుంటారు. స్నేహాలకు ఇంతకంటే మంచి చోటేముంది?

ఈ గజళ్ల వెనక ఇస్లాహ్, అంటే గురువు దిద్దుబాటు, ఉంటుంది. షాగిర్ద్ (శిష్యుడు) రాసిన గజల్‌లో ఉస్తాద్ (గురువు) ఒక మాట తీసి మరొకటి పెడతాడు. సభలో దాద్ మాత్రం షాగిర్ద్‌కే. ఉత్తరాది నుంచి వచ్చిన దాగ్ దేహ్లవీ ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కవిత్వానికే ఉస్తాద్ అయ్యాడు. 1905లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. హైదరాబాద్ రాజ్యానికి ప్రధానిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ (1864–1940) ‘షాద్’ పేరుతో రాస్తూ తన షాలిబండ దేవిడీ (భవంతి)లో ముషాయిరాలు జరిపించాడు.

తెలుగులోకి దాశరథి ‘గాలిబ్ గీతాలు’ తెచ్చాడు. సామల సదాశివ ఉర్దూ కవి అమ్జద్ రుబాయీలను తెనిగించాడు. కవిత్వం తెచ్చుకున్నాం కానీ, వినే మర్యాద తెచ్చుకోలేదు.

ముషాయిరా అని తెలిస్తే వెళ్లండి. ఉర్దూ పూర్తిగా రాకపోయినా రదీఫ్ పట్టుకోండి, మూడో షేర్‌కల్లా మీరూ పలుకుతారు. పెద్దలు చివర్లో చదువుతారు, మధ్యలో లేవకండి.